కఱ్ఱతో వ్రాసిన కరారునామా

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కఱ్ఱ వంతెనలన్నంతనే లోకులకు స్ఫురించునవి కప్పు గల వంతెనలు. అయొవా రాష్ట్రమందలి మాడిసన్ కౌంటీలో ఒకప్పుడట్టివి 19 యుండగా నేడు 6 మిగిలినవి. 1992లో వానిని గూర్చి యొక నవల వెలువడెను. 1995లో నది చలనచిత్రమయ్యెను. నాటినుండి యాత్రికుల రాక మిక్కుటమయ్యెను. 1998లో వారి శాసనసభ కప్పు వంతెనల పరిరక్షణమునకై ప్రత్యేకముగా నొక పథకమునే నెలకొల్పెను. అవి యదృష్టము గల వంతెనలు. ఆ దేశముననే మఱియొక జాతి కఱ్ఱ వంతెనలు గలవు. వానికి కప్పు లేదు, క్రింద సెలయేఱు లేదు, వానిపై నవల లేదు. క్రింద రైలు పట్టాలు, పైన పల్లె బాట. రెంటి నడుమ పొగచూరి నల్లబడిన దూలములు.

ఈ రెండవ జాతి వంతెనలు ఏటికేడు కనుమఱుగగుచున్నవి. కూల్చునాడు ఊరివారు పదిమంది చేరి చూతురు. ఒకరిద్దఱు ఛాయాచిత్రములు తీయుదురు. స్థానిక పత్రికలో నాలుగు పంక్తులు పడును. అంతటితో సరి. అవి యెచ్చట నుండెనో గుర్తించి, కొలిచి, వ్రాసియుంచు పనిని కొందఱు ఔత్సాహికులు తమ సొంత వ్యయముతో చేయుచున్నారు. పాత కఱ్ఱలమీద వెఱ్ఱి యని వారిని పరిహసించువారు లేకపోలేదు. మేము పరిహసింపజాలము. కంపెనీ వచ్చి ప్రజల బాటను నడుమకు ఖండించినపుడు, ఆ బాటను తిరిగి కలిపి యిచ్చెదమని చేసిన వాగ్దానము ఆ వంతెన రూపమున నిలిచియున్నది. అది యొక దస్తావేజు. కాగితముపై గాక కఱ్ఱతో వ్రాయబడినది. దస్తావేజు పోయిన పిమ్మట హక్కును రుజువు చేయుట యెంత కష్టమో కోర్టు మెట్లెక్కిన ప్రతి రైతునకును దెలియును.

సముద్రముల కావలి దూలముల గొడవ మన పఠనాలయముల కేల యని చదువరు లడుగవచ్చును. వారి చట్టమును మన చట్టమును ఒకే నూతిలో నీరు త్రావినవి గనుక ఆ ప్రశ్నకు సమాధానము కలదు. దానికి కొంత ముందు పోయి వత్తము.

మొదట ఆ వంతెనలు కఱ్ఱతో నేల కట్టబడెనో చెప్పవలయును. అమెరికాలో రైలుమార్గములు 1830 ప్రాంతమున మొదలై 1916 నాటికి 2,54,000 మైళ్ల వఱకు పెరిగెను. కంపెనీలకు మూలధనము తక్కువ, తొందర యెక్కువ, అడవులు అపారము. దక్షిణమున పైను మ్రాను, పడమట డగ్లస్ ఫర్, ఈశాన్యమున ఓకు, చెస్టునట్టు. ఏది చేరువ నున్న దానిని నఱికి కట్టిరి. ఇనుము తరువాత చూచుకొందమనిరి. పెక్కుచోట్ల ఆ తరువాత యన్నది నూఱేండ్లకు గాని రాలేదు. కట్టడము సులభమైనది. నాలుగైదు నిలువు మ్రాకులు వరుసగా పాతి, వాని తలలపై నడ్డదూలము వేసి, ఊగకుండ ఏటవాలుగా పలకలు బిగించి, అట్టి వరుసలు పట్టాలకు ఇరుప్రక్కల నిలిపి, వానిమీద నిడుపు దూలములు పఱచి, పైన మందపు పలకలు కొట్టుట. వడ్రంగులు పదిమందియు ఒక మేస్త్రీయు నున్న చాలును. బండి యెక్కినప్పుడు ఆ పలకలు ఒకదాని వెంట నొకటి మ్రోగును. ఆ మ్రోత దూరమున నున్న ఇండ్లకు వినబడును. ఇట్టి వంతెనను గుర్తుంచుకొన్నవారు ముందుగా చెప్పునది ఆ చప్పుడునే.

ఆవిరి యింజనుల కాలమున కఱ్ఱకు పెద్ద శత్రువు క్రిందినుండి వచ్చెడిది. పొగగొట్టము నుండి నిప్పురవ్వలును వేడియావిరియు బలముగా దూలములకు తగిలెడివి. అందుచే పట్టాలకు సరిగా పైన వంతెన యడుగున విడి పలకల తట్టు నొకదానిని వ్రేలాడగట్టెడివారు. కాలిన కాలుగాక, దానినే మార్చవచ్చును, దూలములు దక్కును. నేడు ఆవిరి యింజనులు పోయి డెబ్బదియేండ్లు కావచ్చినను కొన్ని వంతెనల యడుగున ఆ తట్టుల కొక్కెములు ఇంకను కనబడును. అట్టి చిన్న గుర్తును బట్టి ఆ వంతెన ఆవిరి యింజనుల నాటిదని నిర్ణయింపవచ్చును.

ఇక న్యాయము మాట. బాట ముందు, రైలు తరువాత. దేశమున పెక్కుచోట్ల నదియే క్రమము. ముందున్న బాటను వెనుక వచ్చిన కంపెనీ కోసినచో, కలిపి యిచ్చు భారము కంపెనీదే యని ఇంగ్లండు శాసనసభ 1845 నాటి రైల్వే నిబంధనల చట్టముననే తేల్చెను: బాట పట్టాలపై బోవలసి వచ్చిన వంతెన కట్టవలయును, కట్టిన దానిని కాపాడవలయును. అమెరికా కోర్టులును ఆ న్యాయమునే చేపట్టి ఒక యడుగు ముందునకు వేసినవి. మిన్నెసోటా రాష్ట్రమున దులూత్ నగరములో లేక్ అవెన్యూ అను వీధి పట్టాల మీదుగా పోవు వంతెనను గూర్చి 1891లో కంపెనీకిని నగరమునకును నొక యొడంబడిక జరిగెను. దాని చొప్పున మరమ్మతు భారము కొంత నగరముపై బడినది. వంతెన శిథిలమైనప్పుడు నగరము కంపెనీని మరమ్మతు చేయుమనెను. కంపెనీ కాగితము చూపెను. 1908లో దేశపు సుప్రీము కోర్టు కంపెనీ వాదమును త్రోసివేసెను. ప్రజల ప్రాణరక్షణకై ఆజ్ఞాపించు అధికారమును నగరము ఒక కాగితముపై సంతకము చేసి యమ్ముకొనజాలదనియు, మరమ్మతు కంపెనీయే తన ఖర్చుతో చేయవలెననియు తీర్పు. ఆ వంతెన యే వస్తువుతో కట్టినదైనను ఈ న్యాయము ఊరూరి కఱ్ఱ వంతెనకును అండ యైనది.

ఇంగ్లండులో గాలి యిట్లు వీవలేదు. 1915లో షార్ప్‌నెస్ కాలువ కంపెనీ వ్యాజ్యమున ప్రభువుల సభ యిచ్చిన తీర్పు ప్రకారము, వంతెన కట్టిననాటి రాకపోకలకు సరిపడునంత బలముగా నుంచుటయే కంపెనీ విధి. తరువాత వచ్చిన బరువు మోటారులకై దానిని బలపఱుపవలసిన పని లేదు. అది కాలువ వంతెనల వ్యాజ్యమే యైనను, ఆ న్యాయము రైలు వంతెనల వెనుకను నీడవలె నడచెను. రైలు వంతెనలు మోయవలసిన బరువునకు చట్టమున వేఱుగా కట్టుబాటు చేయుటకు 1968 నాటి రవాణా చట్టము రావలసివచ్చెను. గుఱ్ఱపుబండ్ల నాటి మాట గుఱ్ఱపుబండికే చెల్లునట! ధర్మమునకు బరువు తూచుట యన్న నిదియే.

అమెరికాలోనైనను కాలము కంపెనీల వైపు కొంత మ్రొగ్గకపోలేదు. 1935లో టెన్నెసీ రాష్ట్రపు వ్యాజ్యమున న్యాయమూర్తి బ్రాండైస్ కొత్త వాదమును మన్నించెను: మోటారుబాటలు వెలసి రైలుతో పోటీ పడుచున్న దినములలో, మోటారుల సౌకర్యమునకై కట్టు దారికి రైలుకంపెనీని సగము ఖర్చు పెట్టుమనుట అన్ని సందర్భములందును న్యాయమగునా, పరిస్థితులు విచారింపవలదా యని. 1944 నాటి రహదారుల చట్టము కేంద్రధనముతో జరుగు ఇట్టి పనులలో కంపెనీ వంతు పదియవ పాలు మించరాదని నిర్ణయించెను. ఈ వాదమున సత్యము లేదని మేమనము. మోటారు రాజైన పిమ్మట రైలునే దండించుట న్యాయము గాదు. కాని కొత్త రహదారుల లెక్క వేఱు, పాత పల్లెబాటల లెక్క వేఱు. రెండవదానిని మొదటిదానిలో కలిపివేసి మఱచిపోవుట సులభము; ఆ మఱపే నేడు జరుగుచున్నది.

ఈ వంతెనల క్రింద మఱియొక కథ కలదు. దానిని అందమునకై వంతెనలను ప్రేమించువారు తఱచుగా విడిచిపెట్టుదురు. పూర్వము సరుకు బండ్లకు బ్రేకులు వేయుటకు కూలివాడు బండ్ల కప్పులపై నడచిపోయి, ఒక్కొక్క బండికి నున్న చక్రమును చేతితో త్రిప్పవలసి యుండెను. రాత్రి, వాన, మంచు, బండి పరుగెత్తుచుండును, ఎదుట తక్కువ యెత్తు వంతెన. తల తగిలెనా, అంతే. అందుచే వంతెనకు కొంత ముందుగా పట్టాలపై నడ్డకఱ్ఱ నొకటి నిలిపి దానినుండి త్రాళ్లు కుచ్చువలె వ్రేలాడదీసెడివారు. త్రాడు మొగమునకు తగిలినచో తక్షణమే క్రుంగవలెనని గుర్తు. ఆ త్రాళ్లు తెగియున్న నాడు వాని గతి యేమి? వంతెన యచ్చట నున్నదని వాడెఱుగును గదా, ఎఱిగి కొలువు చేసినవాడు అపాయమునకు తానే యొడంబడినట్లు అని పందొమ్మిదవ శతాబ్దపు కోర్టులు పలుమాఱులు తీర్పు చెప్పినవి. ఈ సిద్ధాంతమునకు 1842లో మసాచుసెట్స్ కోర్టు ఒక ఇంజను డ్రైవరు చేయి పోయిన వ్యాజ్యమున పునాది వేసెను. 1893 నాటి చట్టము గాలి బ్రేకులను నిర్బంధము చేసిన పిమ్మట కప్పులపై నడక క్రమముగా తగ్గెను. 1908లో రైలు పనివారి పరిహారపు చట్టము వచ్చెను. ఎఱిగి పనిచేసినవాని కేమియు రాదను వాదము 1939లో గాని పూర్తిగా తుడిచిపెట్టబడలేదు. వంతెనపై బోవు వానికి అది దారి. క్రింద బోవు కూలికి అదియే యముడు. వంతెనను గుర్తుంచుకొనువారు ఈ రెండింటిని గుర్తుంచుకొనవలయును. ఆ త్రాళ్ల స్తంభము మొదలు ఎక్కడైన మిగిలియున్నచో దానికి వంతెనతో సమానమైన విలువ గలదని మా నమ్మకము.

వంతెనలు పోవుటకు కారణములు అనేకములు. 1967 డిసెంబరు 15వ తేదీన ఒహాయో నదిపై సిల్వర్ బ్రిడ్జి యను ఇనుప వంతెన కూలి 46 మంది మరణించిరి. దాని ఫలితముగా 1971 నుండి దేశమందలి రహదారి వంతెనలన్నిటికిని నియమబద్ధమైన తనిఖీ యేర్పడెను. తనిఖీ వచ్చిన పిమ్మట కఱ్ఱ వంతెనల బలము బయటపడెను. ఇన్ని టన్నులు మించరాదను పలకలు వెలసెను. పాలబండి పోరాదు, బడిపిల్లల బస్సు పోరాదు, మంటలార్పు యింజను పోరాదు. పై బరువు పెరిగినట్లే క్రింద యెత్తును పెరిగినది. 1984 నుండి ఒక పెట్టెపై నొక పెట్టె పేర్చి తెచ్చు సరుకు రైళ్లు నడచుచున్నవి. అవి పట్టాలపై 20 అడుగులకు మించి యుండును. పాత వంతెన వానికి తలవంచదు గనుక దానినే తీసివేయవలసి వచ్చును.

ఇందులో ఇంజనీర్లను నిందింపరాదు. కఱ్ఱ పుచ్చును, మందు పట్టని కఱ్ఱ పది పదునైదేండ్లకే చివుకును. పురాతనమని పిల్లల బస్సును పుచ్చుదూలముపై నడిపించుటను ఏ బుద్ధిమంతుడును కోరడు. ప్రతి వంతెనను నిలుపుమని మా కోరికయు గాదు. మాకు కంటగింపైనది వేఱు. క్రొత్త వంతెనకు డబ్బు చాలనపుడు పాతది తీసివేసి, ఇరువైపుల మట్టికట్ట పోసి, బాటనే మూసివేయుట. అట్లు మూయుట లెక్కలలో చౌక. చుట్టు తిరిగిపోవు మైళ్ల ఖర్చు ఎవరి లెక్కలోను చేరదు. అది ఊరివారి జేబునుండి దినమున కింత చొప్పున పోవుచుండును. ఒకప్పుడు బాటయైనది ఎప్పటికిని బాటయే యని ఇంగ్లీషు న్యాయసూత్రము. కాని వంతెన పోయి, ముప్పదియేండ్లు గడచి, ముదుసలులు గతించిన తరువాత అచ్చట బాట యుండెనని యెవరు సాక్ష్యమిత్తురు?

అందుకే గుర్తించుట అవసరము. అది విద్యయే గాని వినోదము గాదు. తనిఖీలవలన పుట్టిన జాతీయ వంతెనల పట్టికలో ప్రతి వంతెనకును సంకేతసంఖ్యలు గలవు: కట్టిన వస్తువు గడిలో 7 అన్న కఱ్ఱ, క్రిందనేమున్నదను గడిలో 2 అన్న రైలు. ఈ రెండును కలిసిన వరుసలను ఏరినచో మిగిలినవాని జాబితా చేతికి వచ్చును. కాని 20 అడుగులు మించని వంతెనలును, పొలముల నడుమ సొంతదారుల వంతెనలును అందు చేరవు; అవియే ముందుగా పోవుచున్నవి. వానికై పాత పటములు వెదకవలయును. 1913 నాటి చట్టము చొప్పున రైలుకంపెనీల యావదాస్తిని విలువకట్టుటకు అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘము దేశమెల్ల కొలిపించెను. కంపెనీల భూములు, కట్టడములు, వంతెనలు పటములపై గుర్తింపబడినవి. ఆ సంఘము 1995తో ముగిసినను ఆ పటములును పుస్తకములును జాతీయ దస్తావేజుల భాండారమున నున్నవి. పట్టణములకు సాన్‌బోర్న్ కంపెనీ వారి యగ్నిభీమా పటములు గలవు. అందు కఱ్ఱ కట్టడములకు పసుపు రంగు, ఇటుకకు ఎఱుపు. కంపెనీల ఆస్తికి విలువ కట్టుటకును, భీమా రుసుము నిర్ణయించుటకును గీచిన పటములు నేడు ప్రజల బాటకు సాక్షులగుట వింతయే.

వంతెన వయస్సు చెప్పుటకు మఱియొక సాధనము మేకులు. తలపై రెండంకెలు గల చిన్న మేకులను కంపెనీలు తమ కఱ్ఱలలో కొట్టెడివి; 27 అని యున్న 1927లో వేసిన కఱ్ఱ. ఏ మందు పట్టించిన కఱ్ఱ ఎన్నాళ్లు మన్నునో తెలిసికొనుటకై ఈ యేర్పాటు. అమెరికాలో దీనిని 1899 ప్రాంతమున ప్రవేశపెట్టిన ఘనత ఆక్టేవ్ షనూట్ అను ఇంజనీరుకు దక్కినది. కాన్సాస్ సిటీవద్ద మిస్సోరీ నదిపై 1869లో వంతెన కట్టినవాడును, తరువాత విమానవిద్యలో రైటు సోదరులకు హితుడైనవాడును ఇతడే. కాని మేకును చూచి మోసపోరాదు. అది యా దూలము వయస్సు చెప్పును గాని వంతెన వయస్సు చెప్పదు. పలకలు పది మాఱులు మాఱియుండును. దూలములు రెండు మాఱులు. కొన్నిచోట్ల పట్టాలపై నున్న యంకణమున ఇనుప దూలములు చొచ్చి, మిగిలినది కఱ్ఱగానే యుండును. అట్లయిన అది పాత వంతెనయేనా యని కొందఱు సంశయింతురు. పూరీలో జగన్నాథుని రథములు ఏటేట క్రొత్త కఱ్ఱతో కట్టుదురు; ఆ రథము క్రొత్తదని భక్తుడెవ్వడైన వెనుదిరిగెనా? అదే స్థలము, అదే బాట, అదే బాధ్యత నిలిచియున్నంతవఱకు వంతెన యొక్కటే. పురావస్తు శాఖవారు దూలము వయస్సు చూతురు గాక, న్యాయవాది చూడవలసినది బాధ్యత వయస్సును.

ఇక మన నూతి మాట. 1845 నాటి ఇంగ్లీషు చట్టపు సూత్రమే 1890 నాటి భారత రైల్వే చట్టమున 11వ సెక్షనుగా వచ్చెను; నేటి 1989 చట్టమున నది 16వ సెక్షను. రైలుమార్గము ప్రక్కనున్న భూముల వారికై దారులు, వంతెనలు, తూములు రైల్వేవారు కట్టవలెను, కట్టి కాపాడవలెను. దీనికి ఒక కొస కలదు: ఆ మార్గము ప్రజల రాకపోకలకు తెఱచిన దినము మొదలు పదియేండ్లు గడచిన పిమ్మట, మొదట నున్నవిగాక అదనపు పనులు తమ ఖర్చుతో చేయుటకు రైల్వేవారు కట్టుబడరు. మన జిల్లాలలోని పాత మార్గములు తెఱచి నూఱేండ్లు దాటినవి. కనుక నేడు ఒక యూరివారు దారి మాట యెత్తినపుడు, ఇది మొదటినుండి యున్న దారియా, కొత్త కోరికయా యను ప్రశ్నపైననే సర్వము నిలిచియుండును. మొదటిదైన కాపాడుట వారి విధి. రెండవదైన ఖర్చు మనది. దీనిని తేల్చునది రుజువొక్కటే.

మన దేశమున పెద్ద పట్టాల మార్గములపై కావలివాడు లేని గేట్లన్నియు 2019 జనవరితో ఎత్తివేయబడినవి. ప్రాణరక్షణకై జరిగిన మంచిపని యది. ఎందఱి ప్రాణములో ఆ గేట్లవద్ద పోయినవి. కొన్ని గేట్లకు బదులుగా క్రిందిదారులు వచ్చినవి; వానిలో వానకాలమున నీరు నిలుచుటయు మనకు క్రొత్త గాదు. నీరు తోడుట యెవరి పనియని అడిగినప్పుడు రైల్వేవారు పంచాయతీని, పంచాయతీవారు రైల్వేను చూపుదురు. అచ్చట పూర్వమేమి యుండెను, బండిదారియా కాలిదారియా, దాని వెడల్పెంత యని చెప్పగలవాడు ఊరిలో ఒకరిద్దఱు వృద్ధులే.

కాగితములు మాత్రము లేకపోలేదు. గ్రామపు కొలతల పుస్తకమున బాట పోరంబోకుకు ప్రత్యేకముగా సర్వే నంబరు వేసియుండును. రైలు కోసము భూమి తీసికొన్ననాటి అవార్డులలో ఏ రైతునకు దారి నష్టమునకు పరిహారమిచ్చిరో, ఎవరికి ఇయ్యలేదో తెలియును. పరిహారము పుచ్చుకొన్నవానికి ఆ దారి కోరు హక్కు లేదని చట్టమే చెప్పుచున్నది గనుక ఈ భేదము ముఖ్యము. వంతెనలకు వాని గోడలపైనను, గేట్లకు కావలివాని గదిపైనను సంఖ్యలు వ్రాసియుండును. ప్రతి పఠనాలయమువారును తమ యూరి సరిహద్దులోని రైలుదారిపై నున్న వంతెనలు, గేట్లు, మూసివేసిన గేట్లు వాని సంఖ్యలతో ఒక పుస్తకమున నెక్కించి, ప్రక్కన కొలతల పుస్తకపు నకలొకటి అంటించి, ఏ వీధి వృద్ధుడు ఏమి చెప్పెనో తేదీతో వ్రాసి సంతకము చేయించి యుంచవలెనని మా సూచన. తహశీలుదారు కచ్చేరీలో నకలుకు దరఖాస్తు పెట్టుట ఒక పూట పని.